యుద్ధంలో షికారు బోట్లు: పనికొచ్చాయా, పేరుకే గస్తీయా?

లెక్కల_మాస్టారు:
తిట్టుకోకుండా మాట్లాడుకుందాం అని ముందే చెప్తున్నా. 1917 ఏప్రిల్ 6న అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆ వెంటనే వాళ్ళ నేవీ డబ్బున్నవాళ్ళ షికారు మోటర్ బోట్లను వందల్లో పోగేసింది. కొన్నింటిని కొన్నది, కొన్నింటిని పైసా అద్దె లేకుండా లీజుకు తీసుకుంది. బూడిదరంగు పూసి, ముందు భాగంలో చిన్న ఫిరంగి బిగించి, ఎస్‌పీ అని ఒక నంబరు ఇచ్చి 'సెక్షన్ పాట్రోల్', అంటే తీరం గస్తీ, అంది.

ఇదంతా షోకు అంటాను నేను. వాటికి ఎక్కువగా పెట్టింది 'వన్ పౌండర్' ఫిరంగి. 37 మిల్లీమీటర్లది, గుండు అర కిలో కూడా తూగదు. 1918లో అమెరికా తీరానికొచ్చిన జర్మన్ సబ్‌మెరైన్ యు-151 మీద 150 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండున్నాయి. ఎదురుపడితే ఏమవుతుందో లెక్కలు రానివాడికీ తెలుసు. షికారు మోటర్ బోటు ఒక్క సబ్‌మెరైన్‌నైనా ముంచినట్టు చూపించండి, నోరు మూసుకుంటా.

పాత_సరంగు:
మాస్టారూ, మీ వీధి గూర్ఖా ఇప్పటిదాకా ఎంతమంది దొంగల్ని పట్టాడో లెక్కేసి జీతం ఇస్తున్నారా?

గోదావరి మీద 22 ఏళ్ళు లాంచీ నడిపినవాణ్ణి. రేవులో పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. యుద్ధంలో హార్బర్ ముఖద్వారానికి అడ్డంగా సబ్‌మెరైన్ రాకుండా వలలు కడతారు. వచ్చే ప్రతి ఓడ దగ్గరికీ ఎవరో ఒకరు వెళ్ళాలి. కాగితాలు చూడాలి, దారి చూపించాలి, ఉత్తరాలు అందించాలి, రాత్రి దీపాలు వెలిగించినవాణ్ణి కేకలెయ్యాలి. దీనికి డిస్ట్రాయర్‌ని, అంటే పెద్ద యుద్ధనౌకని, పెడతారా? అమెరికా డిస్ట్రాయర్లు మొదటి ఆరూ 1917 మే 4కే ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ చేరిపోయాయి. మరి ఇంటి దగ్గర కాపలా ఎవరు?

షోకు అన్నారు, ఇంకో మాట చెప్తా. ఆ బోట్లలో చాలావాటికి పెట్రోలు ఇంజన్లు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున నీళ్ళు చేరేచోటికి దిగి కూర్చుంటుంది. మాది డీజిల్ లాంచీ. ఒకసారి ఎవరో జనరేటర్ కోసమని పెట్రోలు క్యాను తెచ్చి అడుగు చెక్కల కింద పెట్టారు. మూత వదులు. తెల్లారి ఇంజన్ గదిలోకి తల పెడితే కళ్ళు మండాయి. మూడు చెక్కలు ఊడదీసి, గుడ్డతో అడుగంతా తుడిచి, మధ్యాహ్నం దాకా గాలాడనిచ్చాక గానీ ఇంజన్ తిప్పలేదు. ఒక్క నిప్పురవ్వ చాలు. అలాంటి పడవలో చలికాలం అట్లాంటిక్ అంచున రాత్రంతా తిరగడం షోకా?

భీమిలి_కుర్రాడు:
మాస్టారూ, అమెరికా నేవీ తీసుకున్న షికారు ఓడ 'క్రిస్టబెల్' సంగతో? 1918 మే 21న ఫ్రాన్స్ తీరంలో జర్మన్ సబ్‌మెరైన్ యుసీ-56 మీద డెప్త్ చార్జీలు, అంటే నీళ్ళలో పేలే బాంబులు, వేసింది. ఆ సబ్‌మెరైన్ తర్వాత స్పెయిన్‌లోని శాంటాండెర్ రేవులో దూరి అక్కడే చిక్కుకుపోయింది. పేలుడు అదురుకి డెక్ మీదున్న డెప్త్ చార్జీలు ఊడి దొర్లుతుంటే డేనియల్ సల్లివన్ అనే ఆఫీసరు వాటి మీద పడి అదిమి పట్టుకున్నాడు. అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం, మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

లెక్కల_మాస్టారు:
తమ్ముడూ, క్రిస్టబెల్ ఆవిరి ఇంజన్‌తో నడిచే యాట్. మహాసముద్రం దాటి వెళ్ళిన ఓడ. నేనడిగింది మోటర్ బోటు.

మోటర్ పడవే కావాలంటే ఇదిగో, 'టరాంటులా'. 1912లో కట్టారు, అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ గారిది. 1917లో నేవీకి వెళ్ళింది. 1918 అక్టోబర్ 28న, అంటే యుద్ధం ఆగడానికి రెండు వారాల ముందు మునిగింది. ముంచింది జర్మన్లు కాదు. 'ఫ్రిసియా' అనే డచ్చి ఓడ గుద్దింది!

పాత_సరంగు:
గస్తీలో ఉన్న పడవేగా పోయింది. రోడ్డు మీద లారీ గుద్దితే కానిస్టేబుల్ డ్యూటీలో లేనట్టా?

భీమిలి_కుర్రాడు:
సరే, మన వైపు మాట. 1971 డిసెంబర్‌లో వైజాగ్ బయట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగితే, తేలుతున్న శకలాల కబురు నేవీకి చేర్చింది జాలర్లే. చిన్న పడవలవాళ్ళ కళ్ళకి ఉన్న విలువ అది.

లెక్కల_మాస్టారు:
శభాష్, నా పని నువ్వే చేసిపెట్టావు. ఆ జాలర్ల పడవల మీద నేవీ నంబరు ఉందా? ఫిరంగి ఉందా? లేదు. వాళ్ళ చేపల వేట వాళ్ళు చేసుకుంటూ కనబడ్డది చెప్పారు. అమెరికావాళ్ళూ పడవల్ని యజమానుల దగ్గరే ఉంచి, 'ఏమైనా కనబడితే చెప్పండి' అంటే పోయేదిగా. రంగులూ యూనిఫాములూ దేనికి?

చరిత్ర_పిచ్చి:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఇక ఆగలేను. యూనిఫాం దేనికో చెప్తా. చార్లెస్ ఫ్రయట్ అని ఇంగ్లండ్ వర్తక ఓడ కెప్టెన్. 1915 మార్చి 28న జర్మన్ సబ్‌మెరైన్ యు-33 ఆగమంటే ఆగకుండా ఓడని నేరుగా దాని మీదికే తిప్పాడు. సబ్‌మెరైన్ నీళ్ళ అడుక్కి దిగి తప్పించుకుంది. మరుసటి ఏడాది జర్మన్లకి దొరికాడు. 'నువ్వు సైనికుడివి కాదు, మా మీద దాడి చేసే హక్కు నీకు లేదు' అని బెల్జియంలోని బ్రూజ్‌లో విచారించి 1916 జులై 27న కాల్చేశారు.

షికారు బోటు వాడు తన తుపాకీతో సబ్‌మెరైన్ జోలికెళ్తే అతనికీ అదే గతి. నేవీ జెండా, యూనిఫాం ఉంటే పట్టుబడినా యుద్ధఖైదీ. పైగా మామూలు మనిషి పడవేసుకొచ్చి 'కాగితాలు చూపించు' అంటే ఏ ఓడ కెప్టెన్ ఆగుతాడు మాస్టారూ? చేతిలో వన్ పౌండర్ ఉన్నది సబ్‌మెరైన్ కోసం కాదేమో, ఆగని ఓడ ముక్కు ముందు ఒక గుండు వెయ్యడానికి.

పాత_సరంగు:
అదీ మాట.

లెక్కల_మాస్టారు:
ఫ్రయట్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఓడల్ని ఆపడానికి అంటే ఆ చిన్న ఫిరంగికి ఒక అర్థం ఉంది. హార్బర్ పని వరకూ మీదే గెలుపు. కానీ డెప్త్ చార్జీలు మోసే పని దగ్గర నేను తగ్గను. డెప్త్ చార్జీ వేసి పేలేలోపు దూరం పోవడానికి వేగం కావాలి. నెమ్మది పడవ వేస్తే దాని వెనక భాగమే పగులుతుంది. అందుకేగా నేవీ 110 అడుగుల సబ్‌మెరైన్ చేజర్లని, అంటే సబ్‌మెరైన్లని వేటాడే పడవల్ని, విడిగా 400కి పైగా కట్టించుకుంది? షికారు బోట్లే చాలితే అవెందుకు?

పాత_సరంగు:
అవి కట్టేదాకా ఎవరుండాలి మాస్టారూ, అదేగా ఇందాకట్నుంచి అంటున్నా.

లెక్కల_మాస్టారు:
ఉండనివ్వండి. ముంచిన మోటర్ బోటు పేరు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. కాబట్టి నోరు మూసుకునేది లేదు.