టీడీఎస్ 180 ఉన్నా పిల్లలకు విరేచనాలు ఎందుకు?

ప్రశ్న:
మాది చిన్న పట్టణం. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మొదట పచ్చగా, మురుగు వాసనతో వచ్చి కాసేపటికి తేటపడతాయి. టీడీఎస్ మీటరు పెడితే 180 చూపించింది. 500 లోపు ఉంటే మంచివే అంటారు కదా, మరి పిల్లలకు తరచూ విరేచనాలు ఎందుకవుతున్నాయి? కాచి తాగితే సరిపోతుందా అండీ?

జవాబు:
ముందు ఆ మీటరు పక్కన పెట్టండి. నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో అది అంచనా కడుతుంది, అంతే. బ్యాక్టీరియా దానికి తెలియదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత చిన్న తేడా 180లో ఎక్కడ కనపడుతుంది?

నాకు అనుమానమల్లా ఆ రోజు విడిచి రోజు మీదే. సరఫరా ఆగితే పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులుండి పక్కనే మురుగు ఉంటే లోపలికి లాగేసుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందు వచ్చేది అదే. కాబట్టి మొదటి నీళ్లు తాగడానికి పట్టకండి. అయితే తేటపడినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు.

క్లోరిన్ కిట్ దొరికితే కుళాయి దగ్గరే చూడండి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి బిళ్ల వేస్తే, క్లోరిన్ ఉన్నప్పుడు గులాబీ రంగు వస్తుంది. ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. రంగే రాకపోతే ల్యాబ్‌లో ఈ-కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. సీసా ల్యాబ్ వాళ్ల దగ్గరే తీసుకోండి. అందులో క్లోరిన్‌ను విరిచే మందు ఉంటుంది, కడిగేయకండి. మూత లోపలివైపు వేలు తగలనీయొద్దు. చల్లగా ఉంచి, వీలైతే 6 గంటల్లోపే ఇచ్చేయండి.

ఇంకొకరి జవాబు:
రిపోర్టు వచ్చేదాకా కాచుకోండి. గుడ్డతో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, గంటలకొద్దీ గ్యాస్ తగలేయక్కర్లేదు. అదే పాత్రలో మూత పెట్టి చల్లార్చండి. కాచిన నీళ్లలో గ్లాసుతో పాటు చేయి కూడా ముంచితే పడ్డ కష్టమంతా వృథా. కాస్తే ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడతాయి. పసిబిడ్డ ఉంటే నైట్రేట్ పరీక్ష కూడా తప్పనిసరి. పిల్లలకు ఓఆర్ఎస్ పట్టించండి. విరేచనంలో రక్తం కనపడినా, బాగా నీరసించినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా ట్యాంకు మూత పగిలి ఉంది. ఆర్వో మిషను కొనేస్తే ఈ టెన్షన్ అంతా తీరిపోదా?

మొదట జవాబిచ్చినవారు:
ఆ మూత ఈ రోజే మార్పించి, ట్యాంకు కడిగించండి. ఆర్వో సంగతి రిపోర్టు చూశాక. ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువుంటే అది కావాలి. క్రిములే సమస్యయితే 180 టీడీఎస్ నీళ్లకు ఆర్వో దండగ, బోలెడు నీళ్లు బయటికి పారబోస్తుంది. వడపోత, దాని తర్వాత యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత దీపం) ఉంటే సరిపోతుంది. కరెంటు పోతే మాత్రం యూవీ పని చేయదు, అప్పుడు కాచుకోవాల్సిందే.

శాంపిల్ రెండు చోట్ల తీయండి, వీధి పైపు నుంచి నేరుగా ఒకటి, ట్యాంకు నుంచి ఒకటి. రెండోదొక్కటే చెడితే లోపం మీ ఇంట్లోనే. మొదటిది కూడా చెడితే పక్కిళ్ల వాళ్లను కలుపుకుని, రిపోర్టు జత చేసి మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.