అప్‌డేట్: తాతగారి లాంచీ ఇంజను ఎవరు చేశారో తెలిసింది

విజయవాడలో మా పెరట్లో పడి ఉన్న పాత లాంచీ ఇంజను ఏ కంపెనీదని ఇక్కడ అడిగాను కదా. పేరు పలక తుప్పు పట్టి ‘గ్లాస్గో’ అన్న మాట ఒక్కటే కనిపించేది. ఇది కెల్విన్ ఇంజను, కె2 రకం.

ఆటోనగర్ మేస్త్రిగారు దీన్ని చూడగానే, ‘డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులెందుకు? ఎవరో అతుకులు వేశారు’ అని తేల్చేశారు. మామూలుగా డీజిలు ఒత్తిడి వేడికే మండుతుంది, నిప్పురవ్వ అక్కర్లేదు. కానీ ఇది అతుకు కాదు, గుట్టు అక్కడే ఉంది. కె రకం ఇంజన్లు పెట్రోలుతో మొదలవుతాయి. ఒక వాల్వు తెరిస్తే దహన గది పెద్దదై ఒత్తిడి తగ్గుతుంది. మాగ్నెటో (బ్యాటరీ లేకుండా ప్లగ్గులకు కరెంటు పుట్టించే పరికరం) ఇచ్చే నిప్పురవ్వతో ఇంజను తిరగడం మొదలయ్యాక మీట మార్చి డీజిలుకు తెస్తారు. అంత పెద్ద యంత్రాన్ని చేత్తో తిప్పి లేపాలంటే వేరే దారేముంది! ప్లగ్గులు, కార్బురేటర్ సంగతి చెప్పి ఆ దారి చూపిన పెద్దలకు నమస్కారం.

కెల్విన్ పేరుతో వీటిని తయారుచేసింది స్కాట్లండ్‌లో గ్లాస్గోలోని బెర్గియస్ కంపెనీ. వాల్టర్ బెర్గియస్ 1904లో కార్లతో మొదలుపెట్టారు. 1906లో కారు ఇంజనును పడవలో బిగించి చూశారు. కార్లు మూలపడ్డాయి, పడవ ఇంజన్లు నిలిచాయి. కె రకం 1930లలో వచ్చింది. సిలిండరుకు 22 చొప్పున రెండింటికీ 44 గుర్రపు శక్తి.

పలకను కిరోసిన్‌లో నానబెట్టి మెత్తని బ్రష్షుతో రుద్దితే సీరియల్ నంబరు కూడా బయటపడింది. ఇనుప బ్రష్షు వాడితే అంకెలే పోతాయి. పాత ఇనుము బేరగాళ్లను వెనక్కి పంపేశాం. ఇప్పుడు మాగ్నెటో లోపలి తీగచుట్టను మళ్లీ చుట్టగలిగే మనిషి కావాలి.