వేడెక్కితే ఆగిపోయే పాత బుల్లెట్: పాయింట్లు ఉంచాలా, తీసేయాలా?

కడప 350:
అన్నలూ, మా నాయన వాడిన 350 బుల్లెట్ ఇప్పుడు నేను నడుపుతున్నా. క్యాస్ట్ ఐరన్ ఇంజను, పాయింట్ల బండి, అంటే ప్లగ్గు మెరుపు కోసం కరెంటును కలిపి తెంచే లోహపు మొనలున్న రకం. పొద్దున ఒకటి రెండు కిక్కులకే లేస్తుంది, ఊళ్లో ఎంత తిరిగినా ఏ ఇబ్బందీ లేదు. రాయచోటి వైపు పోయేటప్పుడు మాత్రం గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి టప్ టప్ అని కొట్టి ఆగిపోతుంది. ఇక ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు. నీడలో కాసేపు పెట్టి చల్లారాక కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ప్లగ్గు కొత్తది వేశా, కార్బురేటర్ కడిగించా. మెకానిక్ ఏమంటాడంటే, ఈ కాలంలో ఇంకా పాయింట్లు ఏంది, తీసేసి ఆ పనే చేసే ఎలక్ట్రానిక్ కిట్ వేయిద్దాం అంటాడు. వేయించమంటారా?

అనంతపురం హైవే:
వేయించు తమ్ముడూ, ఆలోచించొద్దు. పాయింట్లను నెట్టే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే టైమింగ్, అంటే ప్లగ్గు మెరిసే సమయం, వెనకబడుతుంది, టైమింగ్ వెనకబడితే ఇంజను ఇంకా వేడెక్కుతుంది. దీనికి అంతం లేదు. పైగా ఇప్పుడు షాపుల్లో దొరికే పాయింట్ సెట్లు, పాయింట్ల మధ్య మెరుపును అణిచే కండెన్సర్లు చానా వరకు నాసిరకం. నేను కిట్ వేయించిన తర్వాత గుత్తి, డోన్ మీదుగా కర్నూలు దాకా ఎండాకాలంలోనే పోయొచ్చా, ఒక్కసారి కూడా ఆగలేదు. పాత బండిని రోజూ వాడుకోవాలంటే ఇదే దారి.

కర్నూలు పాతబండి:
కిట్ మంచిదా కాదా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు జబ్బు ఏందో తెలియకుండా మందు వేయడం నాకు నచ్చని పని. తమ్ముడి బండి ఆగుతున్నది పెట్రోలు అందకనా, కరెంటు రాకనా? అది ఎవరూ అడగలేదు. కిట్ వేశాక కూడా ఘాట్‌లో ఆగితే అప్పుడేం చేస్తావు, డబ్బులు పోయె, జబ్బు అట్లే ఉండె.

ఈసారి ఆగినప్పుడు మొదట ట్యాంకు మూత తెరువు. గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తర్వాత నాలుగు కిక్కుల్లో లేస్తే మూతకున్న గాలి రంధ్రం పూడిపోయినట్టు. మన వైపు దుమ్ముకు అది మామూలే, దానికి ఏ కిట్టూ పని చేయదు. మూత తెరిచినా లేవకపోతే కరెంటు వైపు చూడు.

ప్లగ్గు విప్పి క్యాప్‌కు తగిలించి, దాని మెటల్ భాగం హెడ్ రెక్కలకు గట్టిగా ఆనించి కిక్కు కొట్టు. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి, లోపలి నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, అంటుకునే ప్రమాదం ఉంది. ఎండలో చూస్తే ప్లగ్గు కొన దగ్గర మెరుపు కనపడదు, ఏదైనా అడ్డం పెట్టి నీడ చేసుకో. నీలంగా టక్కుమని వస్తే కరెంటు బాగున్నట్టు. పసుపుగా, సన్నగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉంటే అక్కడే ఉంది సమస్య.

ఇప్పుడు ఆ బండికున్న గొప్ప సౌకర్యం వాడుకో, అదే ఆంపియర్ మీటర్. ప్లగ్గు తిరిగి బిగించు, లైట్లన్నీ ఆపు, కీ ఆన్ చేయి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషర్ లివర్ పట్టుకుని కిక్కర్‌ను మెల్లగా కిందికి దించు. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు కొంచెం వాలుతుంది, తెరుచుకున్న క్షణంలో మధ్యకు వచ్చేస్తుంది. ముల్లు అసలు కదలకుండా మధ్యలోనే ఉంటే, ప్లగ్గుకు వోల్టేజీ పెంచి పంపే కాయిల్‌లో కరెంటు పారడం లేదని అర్థం: ఫ్యూజు, కీ స్విచ్, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి, పాయింట్ల మధ్య నూనె మసి, వీటిలో ఒకటి. మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదంటే కండెన్సర్ లోపల షార్ట్ అయింది. ముల్లు చక్కగా ఆడుతూ కూడా ప్లగ్గులో కరెంటు బలహీనంగా ఉంటే కండెన్సర్ లేదా కాయిల్.

నా అనుమానం కండెన్సర్ మీదే. అది సిలిండర్ వెనకాలే పాయింట్ల దగ్గర ఉండి ఇంజను వేడంతా మింగుతుంది, చల్లగా ఉన్నప్పుడు పని చేసి వేడెక్కితే చేతులెత్తేస్తుంది. పాయింట్ల మూత తీసి ఎవరినైనా కిక్కు కొట్టమని చూడు. పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య పెద్దగా మెరుపు వస్తుంటే కండెన్సర్ పోయినట్టే.

ప్రొద్దుటూరు టూ స్ట్రోక్:
పాయింట్లు లేకపోతే ఈ బాధలుండవు అనుకోవద్దు. నాది యమహా ఆర్‌ఎక్స్ 100, పుట్టుకతోనే సీడీఐ, అంటే పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ రకం. అయినా సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది, వేడెక్కితే ఆగడం, చల్లారితే లేవడం. మ్యాగ్నెట్ లోపలి కాయిల్ వేడికి కట్ అవుతోందని మీటర్ పెట్టి చూస్తే తేలింది. చల్లగా ఉన్నప్పుడు ఓమ్స్ సరిగ్గానే చూపిస్తుంది, బండి ఆగిన వెంటనే కొలిస్తే కానీ దొరకదు. ఇట్లాంటి బండ్లున్నవాళ్లకు ఒక మాట: కరెంటు అసలు లేకపోతే ముందు సీడీఐకి పోయే నలుపు మీద తెల్ల గీత వైరు ఊడదీసి కిక్కు కొట్టండి. అది ఇంజను ఆపే వైరు. ఊడదీశాక కరెంటు వస్తే తప్పు కీ స్విచ్‌లోనో దాని వైరులోనో ఉంది. చానామంది అది చూడకుండానే సీడీఐ మార్చేస్తారు.

అనంతపురం హైవే:
కర్నూలు అన్నా, మీరు చెప్పిన పరీక్షలతో నాకు పేచీ లేదు, అట్లే చూడాలి. కానీ ఈ పని అందరికీ వస్తుందా? పాయింట్ల గ్యాప్ చూసి పెట్టగల మెకానిక్‌లు మన ఊళ్లలో తగ్గిపోతున్నారు. కుర్రాళ్లు సీడీఐ బండ్ల మీదే పని నేర్చుకున్నారు. కండెన్సర్ ఈరోజు మారుస్తారు, అదే నాసిరకం కొత్తది వచ్చే ఎండాకాలానికి మళ్లీ పోతుంది. అప్పుడు మళ్లీ ఘాట్‌లో నిలబడేది తమ్ముడే కదా.

కర్నూలు పాతబండి:
మెకానిక్‌లు తగ్గారన్నది నిజం, అందుకే బండి గలవాడు నేర్చుకోవాలంటున్నా. పాయింట్లు చెడిపోతే కంటికి కనపడతాయి, రోడ్డు పక్కన తుడిచి గ్యాప్ పెట్టి ఇల్లు చేరొచ్చు. కిట్ లోపల ఏం పోయిందో ఎవరికీ కనపడదు, మార్చడం ఒక్కటే దారి. ఇంకోటి, బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు పాయింట్ల మీద ఎట్లో అట్ల బండి లేస్తుంది, చానా కిట్లు వోల్టేజీ తగ్గితే మొరాయిస్తాయి. పాత బండ్ల చార్జింగ్ సంగతి మీకు తెలియంది కాదు. కండెన్సర్ వేడికి పోతుందంటారా, దాన్ని అక్కడి నుంచి తీసి ట్యాంకు కింద కాయిల్ పక్కన బిగిస్తే సరి. అక్కడ గాలి తగులుతుంది. దాని బాడీకి ఎర్త్ మాత్రం బాగా అందాలి, పెయింట్ గీకి బిగించాలి.

కడప 350:
నిన్న ఒక స్నేహితుణ్ని వెంటబెట్టుకుని ఘాట్‌కి పోయి చూశా. ఆగిన వెంటనే మూత తీశా, శబ్దం లేదు, బండి లేవలేదు. ముల్లు అన్న చెప్పినట్టే ఇటూ అటూ ఆడింది. వాడు కిక్కు కొడుతుంటే పాయింట్ల మధ్య చూశా, పట్టపగలే తెల్లగా మెరుస్తోంది. వెంట తెచ్చుకున్న కండెన్సర్‌ను వైరుతో తాత్కాలికంగా కలిపి పాతదాని వైరు తీసేస్తే, ఇంజను ఇంకా కాలుతుండగానే లేచింది. అక్కడి నుంచి రాయచోటి పోయి వెనక్కి వచ్చేదాకా ఆగలేదు. ప్రస్తుతానికి పాయింట్లే ఉంచుతున్నా. అయితే పాయింట్ల మొహం మీద ఒకవైపు గుంత, ఇంకోవైపు గడ్డలాగా వచ్చింది. ఎమరీ పేపరుతో రుద్దితే చాలా?

కర్నూలు పాతబండి:
గుంత పడినవి మార్చేయి తమ్ముడూ, కండెన్సర్ పోయి ఉన్నన్నాళ్లూ కాలినవి అవి. ఎమరీ పొడి మధ్యలో ఇరుక్కుంటుంది, అత్యవసరమైతే సన్న ఆకురాయితో రెండు గీతలు చాలు. కొత్తవి వేసేముందు వాటి మీదుండే నూనెను పెట్రోలు గుడ్డతో తుడువు. పూర్తిగా తెరుచుకున్న చోట గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టు, తర్వాత టైమింగ్ మళ్లీ చూపించు, గ్యాప్ మారితే అదీ మారుతుంది. పాయింట్లను తెరిచే క్యామ్ మీద గ్రీజు తడి మాత్రమే ఉండాలి, ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది.

అనంతపురం హైవే:
జబ్బు దొరికినందుకు సంతోషం. నా అభిప్రాయం మాత్రం మారలేదు, రోజూ దూరం పోయేవాడికి కిట్టే నయం. ఎప్పుడైనా వేయించుకుంటే ఆ పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ పారేయకుండా టూల్ బాక్సులో పెట్టుకో తమ్ముడూ, మెకానిక్ అడిగినా ఇవ్వొద్దు.