డిగ్రీ కాలేజీకి నెట్‌వర్క్ వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తస్విచ్
మా కాలేజీలో ల్యాబ్ నేనే చూసుకుంటాను. రెండు బిల్డింగులు, కేబుల్ దారిలో కొలిస్తే మధ్య 130 మీటర్లు. ల్యాబ్‌లో 60 సిస్టమ్స్, ఆఫీసులో 8, సీసీ కెమెరాలు, వైఫై. వెండరేమో క్యాట్ 6 లాగేసి, దారిలో డబ్బా కట్టి అందులో స్విచ్ పెడతానంటున్నాడు. సరేననమంటారా? నెట్‌వర్క్ పనిని కేబుల్ నుంచి యాప్ దాకా మెట్లుగా విడదీసే ఏడు లేయర్లు పరీక్షకి బట్టీ పట్టినవే, ఇక్కడ ఎలా పనికొస్తాయో అర్థం కావట్లేదు.

వరంగల్_వైరింగ్
వద్దు తమ్ముడూ. రాగి కేబుల్‌కి 100 మీటర్లే హద్దు, అందులోనూ గోడలో పోయేది 90, మిగతాది రెండు చివర్లా తగిలించే పొట్టి వైర్లకి, అంటే ప్యాచ్ కార్డులకి. డబ్బాలో స్విచ్ పెడితే దూరం కలిసొస్తుంది గానీ, దానికి కరెంటు ఎవరిస్తారు? ఎండకి ఎన్నాళ్లుంటుంది? పైగా రెండు బిల్డింగుల ఎర్తింగ్ వేరు. దగ్గర్లో పిడుగు పడిందంటే ఆ రాగి తీగ పట్టుకునే రెండు వైపులా పోర్టులు కాలిపోతాయి. ఫైబర్ వేయించు. అది గాజు తీగ, వెలుగుతో నడుస్తుంది, గాజులో కరెంటు పారదు.

లోపల వేసే క్యాట్ 6 కూడా చూసి కొను. చవకగా ఇచ్చేదాంట్లో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూతే. బ్లేడుతో తీగని గీకి చూడు, లోపల తెల్లగా మెరిస్తే వెనక్కిచ్చేయ్. కెమెరాలకి అదే కేబుల్‌లో కరెంటు కూడా పంపుతారు కదా, పూత తీగైతే వేడెక్కుతుంది, చివరి కెమెరా దాకా వోల్టేజీ అందదు.

సబ్‌నెట్_సుబ్బులు
సామాన్లు కొనేముందు కాగితం మీద ఐపీ ప్లాన్ గీయండి. 192.168.10 ల్యాబ్‌కి, 20 ఆఫీసుకి, 30 కెమెరాలకి, 40 వైఫైకి. ఒక్కోటి ఒక్కో వీలాన్, అంటే అవే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్. ఇలా చివరి నంబరు మాత్రమే మారే నెట్‌వర్క్‌ని /24 అంటారు, అందులో 254 అడ్రసులే వస్తాయి. వైఫైలో పిల్లల ఫోన్లు ఎక్కాయంటే అవి ఇట్టే అయిపోతాయి, దానికి మాత్రం నాలుగింతలు పెద్దదైన /22 ఇచ్చి, ఒక ఫోనుకిచ్చిన అడ్రసు ఎంతసేపు దానిదే అని చెప్పే లీజు టైమ్ గంటో రెండు గంటలో పెట్టండి.

సింపుల్‌గా_ఉండనీ
ఈ సైజుకి వీలాన్లెందుకండీ? అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టినా నడుస్తుంది. రేపు ఈయన మానేస్తే వచ్చినవాడికి ఆ సెట్టింగులు ఎవరు చెబుతారు?

సబ్‌నెట్_సుబ్బులు
నడవదని అనట్లేదు. కానీ ఫీజుల సిస్టమ్, పాస్‌వర్డ్ మార్చని కెమెరా, స్టూడెంట్ ఫోన్ ఒకే చోట ఉంటే నాకైతే నిద్ర పట్టదు. సెట్టింగులంటారా, రాసి పెట్టమనండి.

కొత్తస్విచ్
మొన్న ల్యాబ్‌లో స్విచ్ లైట్లన్నీ ఒకేసారి టకటకా కొట్టుకుని మొత్తం నెట్ పడిపోయింది. అదేంటి?

వరంగల్_వైరింగ్
లూప్ అయ్యుంటుంది. వేలాడుతున్న వైరు రెండో కొస కూడా ఎవరో అదే స్విచ్‌లో గుచ్చేసి ఉంటారు, వెతుకు. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అని లెక్కుంటుంది, రూటరు దాటినప్పుడల్లా తగ్గి చివరికి చస్తుంది. స్విచ్‌ల మధ్య తిరిగే ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి ఆ లెక్క లేదు, అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ తిరుగుతూ పెరుగుతూనే ఉంటుంది. దీనికోసమే 1985లో రాడియా పెర్ల్‌మన్, లూప్ కనబడితే ఒక దారి మూసేసే స్పానింగ్ ట్రీ కనిపెట్టారు. సెట్టింగులు మార్చే వీల్లేని చవక అన్‌మేనేజ్డ్ స్విచ్‌ల్లో సాధారణంగా అది ఉండదు. మేనేజ్డ్ కొంటే ఆన్ చేసి ఉంచు.

పింగ్_పంతులు
లేయర్లు ఎందుకన్నారుగా. నెట్ రాలేదని ఫోన్ రాగానే కింది నుంచి పైకి పోండి. పోర్టు లైటు వెలిగిందా? లేకపోతే గొడవ కేబుల్‌లోనో పోర్టులోనో, పై లేయర్లు చూడక్కర్లేదు. వెలిగితే సిస్టమ్ అడ్రసు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టండి. 169.254తో మొదలైతే, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రసు రాలేదు. అడ్రసుందిగానీ అది మీ ప్లాన్‌లోది కాదా? ఎవరో ఇంటి రూటరు తెచ్చి తగిలించి ఉంటారు, అది కూడా అడ్రసులు పంచుతోంది. అనుమతి లేని పోర్టు నుంచి అడ్రసులు పంచనివ్వని డీహెచ్‌సీపీ స్నూపింగ్ స్విచ్‌లో పెడితే ఆ బెడద పోతుంది. అడ్రసు సరిగ్గానే ఉంటే బయటికి దారిచ్చే మీ రూటరుకి, అంటే గేట్‌వేకి పింగ్ కొట్టి పలుకుతుందో లేదో చూడండి, ఆ తర్వాత బయట ఉన్న గూగుల్ అడ్రసు 8.8.8.8కి. రెండూ పలికి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే ముందు సైటు పేరుని అడ్రసుగా మార్చే డీఎన్ఎస్‌ని అనుమానించండి.

కొత్తస్విచ్
థాంక్స్ అన్నా, సుబ్బులు గారూ, పంతులు గారూ. ఫైబర్‌కి కొటేషన్ అడిగాను. అందులో ఎన్ని కోర్లు, అంటే గాజు పోగులు, వేయమనాలి?

వరంగల్_వైరింగ్
సింగిల్ మోడ్ రకం ఫైబర్, 6 కోర్లు. వాడేది రెండే, మిగతావి స్పేర్. తవ్వకం ఖర్చు ముందు కేబుల్ ధర ఎంత! రేపు ఇంకో కేబుల్ లాగడానికి పైపులో పైలట్ తాడొకటి వదిలేయమను. చివర్లు స్ప్లైస్ చేశాక, అంటే అతికించాక, వెలుగు ఎంత తగ్గుతోందో చెప్పే లాస్ రిపోర్ట్ చేతికొచ్చేదాకా బిల్లు పాస్ చేయించకు.