పంక్చర్ లిక్విడ్ ముందే పోయించుకోవచ్చా?

రాత్రి డ్యూటీ:
అందరికీ నమస్తే. పోయిన వారం రాత్రి పదకొండున్నరకి డ్యూటీ దిగి వస్తుంటే వెనక టైరు పంక్చరైంది. బండి వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంటే ముందు రోడ్డు బాగా లేదేమో అనుకున్నా. దిగి చూస్తే రిమ్ము దాదాపు నేలకి ఆనుతోంది. నాలుగు కిలోమీటర్లు తోసుకొచ్చా. మర్నాడు భుజాలు పైకి లేవలేదు.

నాది ట్యూబ్‌లెస్, అల్లాయ్ వీల్స్. చిల్లు పడితే దానంతటదే పూడ్చేలా టైర్లో ముందుగానే పోసి ఉంచే లిక్విడ్ పోయించుకుందామని ఉంది. పంక్చర్ వేసే ఆయన్ని అడిగితే "అది పోయించుకుంటే మళ్లీ నా దగ్గరికి రాకు" అన్నాడు. బేరం పోతుందని అలా అంటున్నాడా, నిజంగానే ఏదైనా సమస్య ఉందా? వాడినవాళ్లు చెప్పండి. నాన్న బండికి చువ్వల చక్రాలు, లోపల ట్యూబులు. దాంట్లో కూడా పోయొచ్చా?

ఫుల్ ట్యాంక్:
కళ్లు మూసుకుని పోయించెయ్ బ్రో. రెండేళ్ల నుంచి వాడుతున్నా, ఒక్క పంక్చర్ కూడా పడలేదు.

పాత క్లచ్:
ఒక్క పంక్చర్ కూడా పడలేదని నేను కూడా అందరికీ గొప్పగా చెప్పుకు తిరిగినవాణ్ణే తమ్ముడూ. పడలేదో, పడినా తెలియలేదో ఒకసారి చూసుకో.

ఒక ఆదివారం బండి కడుగుతూ వెనక చక్రం తిప్పుతుంటే గాడి పక్కన ఏదో తళుక్కుమంది. చిన్న రాయి అనుకుని స్క్రూడ్రైవర్‌తో కెలికాను, కదల్లేదు. చూస్తే మేకు తల. రోడ్డు మీద అరిగీ అరిగీ అద్దంలా నున్నగా అయిపోయింది, అంటే అది దిగి చాలా రోజులే అయి ఉంటుంది. పట్టకారుతో పీకాను. బుస్సుమని గాలి, వెంటనే ఆకుపచ్చ నురుగు. చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నా. అర నిమిషంలో చప్పుడు ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ సంబరం టైరు విప్పించేదాకే. లోపల లిక్విడ్ తుడిచి వేలు పెట్టి చూపించాడు మెకానిక్. మేకు దిగినచోట టైరు రబ్బరు లోపల ఉండే దారాలు తెగి పీచులా లేచి ఉన్నాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ మేకు అటూ ఇటూ కదులుతూ లోపల కోసుకుంటూ పోయింది. గాలి తగ్గి ఉంటే మొదటి రోజే చూసుకునేవాణ్ణి, చిన్న ప్యాచ్‌తో పోయేది. తగ్గలేదు కాబట్టి అలాగే నడిపాను, టైరు మార్చాల్సొచ్చింది.

అయినా నేను లిక్విడ్ వద్దనను. రాత్రి ఒంటరిగా తిరిగేవాడివి, ఇంటికి చేరడం ముఖ్యం. కాకపోతే అది చేసే పని ఎంతవరకో తెలిసి పోయించుకో. అందులో ఉండేది త్వరగా ఆరిపోని చిక్కటి ద్రవం, సన్నటి పీచు, రబ్బరు నలకలు. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ ద్రవం రోడ్డుకి ఆనే భాగం లోపలివైపు పూతలా పరుచుకుంటుంది. చిల్లు పడితే బయటికి తోసుకొచ్చే గాలి ఆ పీచునీ లాక్కొస్తుంది, అది వచ్చి చిల్లులో ఇరుక్కుంటుంది. అందుకే మామూలు మేకులకి బాగా పనిచేస్తుంది. 6 మిల్లీమీటర్లు దాటిన చిల్లుకీ, గాజుపెంకు కోతకీ దాన్ని నమ్ముకోకు. టైరు పక్క గోడకి అసలే కుదరదు. ద్రవం అక్కడ సరిగా నిలవదు, పైగా ఆ గోడ ఎప్పుడూ వంగుతూ ఉంటుంది.

ఇక పంక్చర్ వేసే ఆయన కోపం. నన్నడిగితే న్యాయమే. ప్యాచ్ అంటుకోవాలంటే లోపలి రబ్బరు పొడిగా ఉండాలి, దాన్ని గీకి గరుకు చెయ్యాలి. జిగట మీద ఏ సొల్యూషనూ పట్టదు. అదంతా కడిగి తుడిచేసరికి ఆయన పని రెట్టింపవుతుంది. చెప్పకుండా తీసుకెళ్తే వాల్వ్ పిన్ను తియ్యగానే చొక్కా మీద పడుతుంది కూడా. అందుకే ముందే చెప్పు.

నాన్నగారి బండికి మాత్రం నేనైతే పోయను. ట్యూబు పలచగా సాగి ఉంటుంది, మేకు దిగితే చిల్లు చిల్లులా ఉండక చీలిపోవచ్చు. గుంతలో దబ్బున పడి రిమ్ముకీ టైరుకీ మధ్య ట్యూబు నలిగితే రెండు చీలికలు పడతాయి, వాటిని పీచు ఏం పూడుస్తుంది? ట్యూబ్‌లెస్‌లో దిగిన మేకే బిరడాలా కాసేపు గాలి ఆపుతుంది. ట్యూబు టైర్లో ఆ వీలు లేదు, గాలి చువ్వల రంధ్రాల్లోంచీ వాల్వ్ పక్కనుంచీ ఒక్కసారిగా వెళ్లిపోతుంది. ట్యూబు పాతదైతే మార్చి, గాలి సరిగా పెట్టించండి.

రాత్రి డ్యూటీ:
ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్ అన్నా. పోయడం నేనే చేసుకోవచ్చా?

పాత క్లచ్:
చేసుకోవచ్చు. వాల్వ్ కింది వైపు ఉండకుండా చక్రం తిప్పి, గాలి తీసి, పిన్ను విప్పి పొయ్యాలి. పిన్ను గాలితో పాటు ఎగిరిపోతుంది, జాగ్రత్త. నాది గడ్డిలో పడితే అరగంట వెతికా. టైరు సైజుని బట్టి ఎంత పొయ్యాలో సీసా మీదే ఉంటుంది, అంతే పొయ్యి. ఇంకాస్త పోస్తే ఇంకాస్త మంచిదనుకుంటే స్పీడులో హ్యాండిల్ వణుకుతుంది. పోసి గాలి నింపగానే నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు, లేకపోతే అదంతా అడుగున చేరి కూర్చుంటుంది. సీసా మీద గడువు కూడా చూడు, చాలావాటికి రెండేళ్లే. ఆ తర్వాత ఎండి ముద్ద కట్టొచ్చు.

నట్టు బోల్టు:
నేను టైర్ల పనే చేస్తాను. రెండు మాటలు. గాలి ఎంతుందో చూపించే సెన్సర్ చక్రంలో ఉంటే, దానికి పనికొచ్చే లిక్విడ్ అవునో కాదో ముందు చూసుకోండి, కొన్ని దాని రంధ్రాన్ని మూసేస్తాయి. పంక్చరయ్యాక డబ్బాతో కొట్టే నురుగు స్ప్రే వేరే సరుకు. చాలావాటిలో లేటెక్స్ ఉంటుంది, గాలి తగిలితే గట్టిపడుతుంది. షాపు దాకా చేరడానికే అది, దాన్ని నమ్ముకుని నెలల తరబడి తిరిగేవాళ్లని చూశాను.

లిక్విడ్ ఉన్నా లేకపోయినా వారానికోసారి బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ, ఒకటిన్నర తగ్గడం మామూలే, అది రెండు టైర్లలోనూ తగ్గుతుంది. ఒక్కదాంట్లోనే మూడు నాలుగు తగ్గిందంటే వెతకాల్సిందే.

ఫుల్ ట్యాంక్:
నేనూ ఒకసారి విప్పించి చూస్తాలెండి. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

రాత్రి డ్యూటీ:
ఇది చదివి ఇప్పుడే టార్చి పట్టుకుని నా ముందు చక్రం తిప్పి చూశా. దీంట్లో లిక్విడ్ ఏమీ లేదు. గాడిలో ఏదో మెరుస్తోంది. పీకనా?

పాత క్లచ్:
పీకకు! రాత్రిపూట పీకితే మళ్లీ తోసుకుంటూ పోవాలి. సబ్బునీళ్లు పొయ్యి, బుడగలొస్తున్నాయేమో చూడు.

రాత్రి డ్యూటీ:
వస్తున్నాయి అన్నా. ఆగి ఆగి ఒక్కొక్కటి. పొద్దున్నే ఆయన దగ్గరికే వెళ్తా. లిక్విడ్ మాట మాత్రం ఎత్తను.