అప్‌డేట్: రాజమహేంద్రవరం పెళ్లికి వచ్చిన అతిథులకు చివరకు ఏమి చూపించామంటే

మా చెల్లెలి పెళ్లికి పుణె నుంచి వచ్చే మగపెళ్లివారికి, ముహూర్తానికి ముందున్న ఒక్క రోజులో రాజమహేంద్రవరం పరిసరాల్లో ఏమి చూపించాలో, ఏమి తినిపించాలో గత నెలలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాపికొండల లాంచీ ప్రయాణానికి రోజంతా పడుతుందని మీరు హెచ్చరించినందున దానిని మానుకున్నాము. ఉదయం ధవళేశ్వరంలో, గోదావరిపై ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం చూసి, 1852లో పూర్తయిన ఆ పాత ఆనకట్ట కథ చెప్పుకుంటూ కడియం నర్సరీలకు చేరాము. అక్కడ అరగంట చాలనుకున్నది రెండు గంటలు పట్టింది. వియ్యపురాలు గారు కొన్న మొక్కలు రైలులో ఎలా వెళతాయో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

అందరి మనసు దోచుకున్నది ఆత్రేయపురం. లోపల మంట మండుతున్న బోర్లించిన కుండపై, పలుచని బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను ఒక్కసారి పరిచి లాగగానే పూతరేకులకు వాడే కాగితంలాంటి రేకు ఊడి రావడాన్ని వారు కన్నార్పకుండా చూశారు. పంచదార పూతరేకుల కన్నా బెల్లంవే మేలన్న మీ మాటతో నేనూ ఏకీభవిస్తున్నాను. వారూ అవే కొన్నారు.

సాయంత్రం పుష్కర ఘాట్ నుంచి, 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను చూసి, ఊళ్లో రోజ్ మిల్క్ తాగి విడిదికి చేరాము.