ఇంటికి తిరిగొచ్చే కంపెనీ మీద 8,000 కోట్ల పన్నా?

మొండి_పెన్సిల్: ఫోన్‌పే 2022లో తన రిజిస్ట్రేషన్‌ని సింగపూర్ నుంచి ఇండియాకి మార్చుకుంది. మనుషులూ కస్టమర్లూ మొదట్నుంచీ ఇక్కడే, కదిలింది కాగితాలే. దానికి వాటాదారులు కట్టిన పన్ను సుమారు 8,000 కోట్లు! ఇలా చేస్తే ఇంకెవరొస్తారు?

గోంగూర: పొమ్మన్నదెవరన్నా? సింగపూర్‌లో క్యాపిటల్ గెయిన్స్ (వాటాలమ్మితే వచ్చే లాభం) మీద పన్ను లేదని తెలిసే వెళ్లారు. మన కిరాణా కొట్లో జనం స్కాన్ కొడితేనే కదా ఆ విలువ పెరిగింది. కట్టనీ. ఇప్పుడు దేశం మీద ప్రేమతో ఏం రావట్లేదు, ఇక్కడ ఐపీఓకి (షేర్లు తొలిసారి జనానికి అమ్మడానికి) మంచి రేటు పలుకుతోందని వస్తున్నారు.

మొండి_పెన్సిల్: పొమ్మన్నవాళ్లూ ఉన్నారు. స్టార్టప్‌లకి తొలి పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్ డబ్బు కావాలంటే అమెరికా, సింగపూర్ లాంటి చోట కంపెనీ ఉండాల్సిందే, చేతిలో పైసా లేని కుర్రాళ్లు బేరమాడగలరా?

లెక్కల_పంతులు: ఇద్దరూ ఒకటి వదిలేస్తున్నారు. పన్ను పడేది వచ్చినందుకు కాదు, వచ్చిన దారిని బట్టి. విదేశీ కంపెనీ షేర్లిచ్చి ఇండియా కంపెనీ షేర్లు తీసుకుంటే, అంటే షేర్ల మార్పిడైతే, ఇక్కడ పన్ను. అదే విదేశీ మాతృసంస్థ ఇండియా కంపెనీలో విలీనమైతే, షరతులకు లోబడి వాటాదారులకి మన చట్టంలో మినహాయింపు ఉంది. కాకపోతే అవతలి దేశం ఊరుకోదు. షేర్లు కొనే యాప్ గ్రో 2024లో అమెరికాలోని డెలావేర్ నుంచి విలీనం దారిలోనే వచ్చింది, అమెరికాకి దాదాపు 1,340 కోట్ల పన్ను కట్టింది. ఆ దెబ్బకి 2023-24లో వ్యాపారం మీద 535 కోట్ల లాభం వచ్చి కూడా చివరికి 805 కోట్ల నష్టం చూపించింది. 2024 సెప్టెంబర్ నుంచి విదేశీ మాతృసంస్థ పూర్తిగా తన సొంతమైన ఇండియా కంపెనీలో విలీనం కావడానికి కంపెనీ లా ట్రిబ్యునల్ చుట్టూ తిరగక్కర్లేదు, రిజర్వ్ బ్యాంక్ ముందస్తు అనుమతి మాత్రం కావాలి.

మాదాపూర్_బాధితుడు: మీ కోట్లు సరే, మా సంగతేంటి? మా కంపెనీ (పేరొద్దులెండి) ఇలాగే తిరిగొచ్చింది. నా ఈసాప్‌లకి (ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే షేర్ల హక్కులు) మూడేళ్లు నిండాయి, ఇంకో ఏడాదైతే మొత్తం నావే. కొత్త లెటర్ వచ్చింది, చూస్తే వెస్టింగ్ (ఆ హక్కులు మన సొంతమయ్యే గడువు) మళ్లీ మొదటి రోజు నుంచి! మా ఆవిడ రెండుసార్లు చదివి, "అయితే ఆ మూడేళ్లూ నువ్వు ఆఫీసుకి పోలేదా?" అంది.

లెక్కల_పంతులు: అదీ దారి మహిమే. గ్రాంటుకీ (హక్కులు ఇచ్చిన రోజుకీ) వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఏడాది ఉండాలని రూలు. విలీనమైతే పాత కాలం అందులో కలుస్తుంది. మీవాళ్లు ఏ దారిలో వచ్చారో అడిగారా?

మాదాపూర్_బాధితుడు: అడిగాను సార్. షేర్ల మార్పిడట. ఎందుకలా అంటే హెచ్‌ఆర్ "బోర్డు నిర్ణయం" అని ఫోన్ పెట్టేసింది.

గోంగూర: ఇదొక్కటీ మాత్రం అన్యాయమే, ఒప్పుకుంటున్నా. ఇన్వెస్టర్ల మీద మాత్రం నాకు జాలి లేదు.